బొమ్మల కొలువులో రాతి కొండ

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టిన ఇళ్లకు పేరంటానికి వెళ్తే బొమ్మల్లో లోటేమీ కనిపించదు. కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కబొమ్మలు, అమ్మమ్మల నాటి మట్టిబొమ్మలు, ఆ ఏడాది కొత్తగా చేర్చిన బొమ్మ, అన్నీ మెట్ల మీద కళకళలాడుతుంటాయి. లోటంతా మెట్ల పక్కన కట్టే కొండలోనే. ఏడుకొండలైనా, గోవర్ధనగిరి అయినా, కైలాసమైనా రూపం ఒక్కటే. గోధుమరంగు కాగితాన్ని నలిపి కప్పిన గుట్ట, దాని మీద కాస్త ఆకుపచ్చ పొడి, లేదంటే దూది. బొమ్మ చెక్కినవాడు పడిన శ్రమలో పదో వంతు ఆ బొమ్మ నిలబడే నేల కోసం మనం పడితే కొలువు మొత్తానికి వేరే కళ వస్తుంది.

ఆ శ్రమకు పెద్ద ఖర్చు లేదు. ఫ్రిజ్జో టీవీయో కొన్నప్పుడు అట్టపెట్టెలో వచ్చే థర్మాకోల్, ఒక కట్టర్ బ్లేడు, ఫెవికాల్, గోడలకు పూసే పుట్టీ, నాలుగు రంగులు ఉంటే చాలు. అసలు కావలసింది చూపు. రాయి ఎలా ఏర్పడింది, ఎటు పగిలింది, వాననీరు దాని మీద ఏ దారిన జారింది అన్నది గమనించిన చేతికే థర్మాకోల్‌లో రాయి పలుకుతుంది. గమనించని చేతికి ఎంత ఖరీదైన సామాను ఇచ్చినా గుట్టే వస్తుంది.

థర్మాకోల్ రాకముందూ మన ఆడవాళ్లు కొలువులో ఊళ్లు, అడవులు కట్టారు. పళ్లెంలో మట్టి పోసి ఆవాలు, మెంతులు, రాగులు చల్లి వారం ముందే పచ్చిక మొలిపించేవారు. అద్దం ముక్క చెరువయ్యేది. రంగు కలిపిన రంపపు పొట్టు పొలమయ్యేది, ఇసుక బాట అయ్యేది. ఇవన్నీ ఇప్పటికీ పనికొచ్చే పద్ధతులే. క్రైస్తవ కుటుంబాలు డిసెంబరులో పశువుల పాక చుట్టూ కట్టే గుట్టలదీ ఇదే దారి. ఆ సంప్రదాయం 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో ఫ్రాన్సిస్ ఆఫ్ అసీసీ ఏర్పాటు చేసిన పశుశాల దృశ్యంతో మొదలైందంటారు. తరవాతి కాలంలో నేపుల్స్ కళాకారులు బెండు చెట్టు బెరడును రాళ్లుగా పేర్చి పెద్ద పెద్ద కొండ దృశ్యాలే కట్టారు. బెరడులోని సహజమైన పగుళ్లను వాళ్లు గుర్తించి వాడుకున్నారు. థర్మాకోల్‌కు అలాంటి స్వభావం ఏదీ లేదు. అందులో 98 శాతం గాలి. దానికి స్వభావం మనమే ఇవ్వాలి.

అందుకే కత్తి పట్టేముందు తేల్చుకోవలసిన మొదటి సంగతి, మనం కట్టేది ఏ రాయి అని. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇన్ని రకాల రాళ్లు చూడటానికి దొరకడం అదృష్టం.

హైదరాబాదు చుట్టుపక్కల రాళ్లనే తీసుకోండి. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందటి గ్రానైటు అది. భూమి లోపల ఉన్నప్పుడే దానిలో నిలువు, అడ్డ పగుళ్లు ఏర్పడ్డాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగింది. దిమ్మకు మూలల దగ్గర నీటి దాడి మూడు వైపుల నుంచి ఉంటుంది కాబట్టి మూలలు ముందు కుళ్లి మట్టి అయ్యాయి, నడిమి భాగం గట్టిగా మిగిలింది. పైనున్న మట్టి లక్షల ఏళ్లలో కొట్టుకుపోయాక, ఎవరో తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రటి బండలు బయటపడ్డాయి. నిజానికి ఎవరూ పేర్చలేదు. అవి ఉన్నచోటే చెక్కుకుపోయిన ఒకే బండ ముక్కలు. ఈ ఒక్క సంగతి తెలిస్తే గోల్కొండ దృశ్యం కట్టే పద్ధతే మారిపోతుంది. గుండ్లు విడివిడిగా చేసి రాశి పోయకూడదు. ముందు ఒక పెద్ద దిమ్మ తీసుకుని, దాన్ని నిలువుగా, అడ్డంగా కోసి, ఆ ముక్కలను ఉన్న వరసలోనే ఉంచి, ఒక్కోదాని మూలలు అరగదీయాలి. అప్పుడు పై బండ అడుగు, కింది బండ నెత్తి ఒకదానికొకటి సరిపోతాయి. మధ్య సందులు ఒకే వాలులో నడుస్తాయి. చూసేవాడికి కారణం తెలియకపోయినా కన్ను ఒప్పుకుంటుంది.

భువనగిరి కోట ఉన్న కొండది మరో తీరు. అది దాదాపు ఏకశిల. పగుళ్లు తక్కువ కాబట్టి బండలుగా విడిపోలేదు. ఉపరితలానికి సమాంతరంగా ఉల్లిపొరల్లా పెచ్చులు ఊడుతూ నున్నటి గోపురంలా మిగిలింది. దాన్ని కట్టేటప్పుడు చిన్న చిన్న ముక్కలు అతికించడం దండగ. ఒకే దిమ్మను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, ఒక పక్క రెండు మూడు పలుచటి పెచ్చులు విరిగి జారుతున్నట్టు చూపిస్తే చాలు.

తిరుమల మాటకొస్తే మనలో చాలామంది ఏడు కొండలంటే ఏడు శిఖరాలు పక్కపక్కన నిలబెడతారు. తిరుపతి ఊళ్లో నిలబడి పైకి చూసినవాళ్లకు కనిపించేది అది కాదు. కింద వాలుగా పరుచుకున్న గ్రానైటు, దాని మీద చెట్లు. పైన ఒక్కసారిగా గోడలా లేచిన ఎర్రటి క్వార్ట్‌జైటు, అది కూడా పొరలు పొరలుగా. దాని నెత్తి దాదాపు చదును. కింది గ్రానైటుకూ పైనున్న క్వార్ట్‌జైటుకూ నడుమ పదుల కోట్ల ఏళ్ల విరామం ఉంది. ఆ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు మీద కనిపిస్తుంది. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కొండ మీది శిలాతోరణానికీ ఆ గుర్తింపు ఉంది. కాబట్టి తిరుమల దృశ్యానికి శిఖరాలు వద్దు. పొడుగాటి కొండ వరస, పై మూడో వంతు నిలువు గోడ, దాని మీద అడ్డగీతల్లా పొరలు, గోడ పాదంలో రాలిపడిన రాళ్ల వాలు కావాలి. పొరలకు ఒకే నియమం. ఒక ముక్క మీది గీత పక్క ముక్క మీద అదే ఎత్తులో, అదే వంపుతో కొనసాగాలి. ఎడమ గోడ మీద పొరలు కాస్త కుడికి వాలితే కుడి గోడ మీదా అటే వాలాలి. కొలువు కొండల్లో నేను చూసే పెద్ద లోపం ఇదే. ముక్కలన్నీ బాగుంటాయి, పొరలు మాత్రం ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోతుంటాయి. గండికోటలో పెన్నా ఒడ్డున నిలబడి ఎదుటి గోడను చూస్తే పొరలు ఎలా సాగాలో తెలిసిపోతుంది. రెండు ఒడ్డుల మీదా అవే పొరలు.

గోవర్ధనగిరి ఎత్తు తక్కువ, పొడవెక్కువ. కానీ కొలువులో మనకు కావలసింది కృష్ణుడు చిటికెన వేలి మీద ఎత్తిన కొండ కాబట్టి అసలు శ్రద్ధ అడుగు మీద పెట్టాలి. నేల నుంచి అప్పుడే పెకలించిన కొండకు అడుగున ఎండావానా తగలని తాజా పగులు ఉంటుంది. అక్కడ రంగు లేతగా ఉండాలి, నాచు మరకలు ఉండకూడదు. కొబ్బరి పీచు రెండు పోగులు వేళ్లలా వేలాడాలి. చిన్నపిల్లలు కింద కూర్చుని పైకి చూసే కొలువులో ఆ అడుగే వాళ్ల కళ్లకు ముందు కనిపిస్తుంది.

కైలాసానికి దూది అంటించే అలవాటు మానుకుందాం. 6,638 మీటర్ల ఆ శిఖరం అడ్డపొరల రాయి. మంచు పొరల అంచుల మీద నిలుస్తుంది, నిలువు ముఖాల మీద నిలవదు. తెల్లరంగు, ఫెవికాల్, వంటసోడా కలిపిన ముద్దను చదును చోట్ల మాత్రమే పెట్టి, నిలువు చోట్ల నల్లరాయిని వదిలేయండి. వదిలేసిన చోటే మంచుకు అందం వస్తుంది.

రాయి తేలాక కొలత. కొండపల్లి మనిషి బొమ్మ నాలుగు అంగుళాలు ఉందనుకుందాం. అయిదడుగుల ఏడంగుళాల మనిషిని నాలుగు అంగుళాలు చేశామంటే ప్రతిదీ దాదాపు పదిహేడో వంతుకు తగ్గిందన్నమాట. ఇరవై అడుగుల బండ పద్నాలుగు అంగుళాలు కావాలి. మనం కట్టే బండలు సాధారణంగా బొమ్మ మోకాలి దాకానే ఉంటాయి. అందుకే అవి బండల్లా కాక బంగాళాదుంపల్లా కనిపిస్తాయి. కొండను కొండలా చూపించాలంటే కనీసం ఒక్క బండైనా బొమ్మకు మూడింతలు లేవాలి. ఇదే లెక్క గరుకుదనానికీ వర్తిస్తుంది. గ్రానైటులో అయిదు మిల్లీమీటర్ల పలుకు ఈ కొలతలో మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. రాయి గరుకుగా ఉండాలి కదా అని ముతక ఇసుక అంటిస్తే ఆ పలుకులు బొమ్మ పిడికిలికి దగ్గరగా వస్తాయి, కొలత చెడిపోతుంది. పగుళ్లు, అంచులు స్పష్టంగా ఉండాలి, పైచర్మం మాత్రం దాదాపు నున్నగా ఉండాలి.

ఇక సామాను. పెట్టెల్లో వచ్చే తెల్ల థర్మాకోల్ పూసలను ఆవిరితో ఉబ్బించి అతికించినది. విరిస్తే పూసలు పూసలుగా విడిపోతుంది. కొండ ఒడ్డూ పొడుగూ ఇవ్వడానికి అది చాలు. బొమ్మకు దగ్గరగా కనిపించే రాళ్లకు మాత్రం ఎక్స్‌పీఎస్ పలకలు మేలు. మేడ కప్పులకు, కోల్డ్ స్టోరేజీ గోడలకు వేడి దిగకుండా వేసే గులాబీ, నీలం రంగు గట్టి ఫోమ్ పలకలు అవే. వాటిలో పూసలుండవు. బ్లేడు ఎటు తిప్పితే అటు తెగుతాయి, నొక్కితే అచ్చు పడుతుంది. కట్టడాల సామాను అమ్మేవాళ్ల దగ్గర విరిగిన ముక్కలు అడిగితే దొరుకుతాయి.

పలకను కోయడం కన్నా విరవడం మంచిది. బ్లేడుతో పైన గీత గీసి రెండు చేతులతో విరిస్తే వచ్చే ముఖం ఏ కత్తీ ఇవ్వలేనంత సహజంగా ఉంటుంది. పొరల రాయికి పలుచటి పలకలను ఇలా విరిచి, విరిగిన అంచులు బయటికి ఉండేలా పేర్చితే సగం పని అయిపోయినట్టే. గుండ్రటి బండలకు నైక్రోమ్ తీగను వేడి చేసి కోసే పరికరం హాయిగా ఉంటుంది. కానీ వేడి తీగ కోసిన ముఖం గాజులా నున్నగా వస్తుంది, దాన్ని అలాగే వదిలేయకూడదు. ఇనుప బ్రష్షుతో ఒకే దిక్కుగా గీసి, ఆ తరవాత అల్యూమినియం ఫాయిల్‌ను ఉండగా నలిపి అంతటా అద్దాలి. ఫాయిల్ ఉండకు ఉన్న మడతలే రాతి గుంటలవుతాయి. అద్దే ప్రతిసారీ ఉండను తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒకే ముద్ర వరసగా పడి మోసం బయటపడుతుంది. దీనికన్నా మంచి సాధనం నిజమైన కంకరరాయి. విరిగిన అంచున్న రాయిని ఎక్స్‌పీఎస్ మీద గట్టిగా నొక్కితే దాని పగుళ్లన్నీ దిగిపోతాయి. ఏ కొండను కడుతున్నామో ఆ కొండ పాదంలో రాలిపడిన చిన్న చెక్కు దొరికితే అంతకన్నా భాగ్యమేముంది.

అతికించడంలో ఓపిక కావాలి. రబ్బరు జిగురులు, థిన్నర్ కలిసిన జిగురులు థర్మాకోల్‌ను తినేస్తాయి. ఫెవికాల్ క్షేమం. అయితే అది ఆరాలంటే నీరు పోవాలి, రెండు ఫోమ్ ముఖాల మధ్య గాలి ఆడదు. ముఖమంతా పూయకుండా అక్కడక్కడ చుక్కలు పెట్టి, చీపురు పుల్లలు మేకుల్లా గుచ్చి రెండు రోజులు వదిలేయాలి. కొండ రేపు కావాలంటే ఈ రాత్రికి కట్టే పని కాదిది.

అతుకుల సందులు పుట్టీతో పూడ్చాలి. తెల్ల థర్మాకోల్ అయితే మొత్తం మీద పుట్టీ, ఫెవికాల్, కాస్త నీరు కలిపి పలుచటి పూత వేసి పూసలను మూసేయాలి. పూత ఆరుతుండగా దాని మీద మళ్లీ ఫాయిల్ ఉండ అద్దుతారు. ఈ పూత గట్టి పెంకులా నిలుస్తుంది, కొండ ఏళ్ల తరబడి మన్నుతుంది. పూత లేని ఫోమ్ మీద స్ప్రే డబ్బా రంగు కొట్టకండి, దానిలోని ద్రావకాలకు ఫోమ్ కరిగి గుంటలు పడుతుంది. పెచ్చులూడిన రాయి కావాలని కొందరు నేర్పరులు కోరి అలా కొడతారు. అది ఆరుబయట, పక్కన పిల్లలు లేకుండా చేయవలసిన పని. వేడి తీగతో కోసేటప్పుడూ పొగ పీల్చకుండా కిటికీలు తెరిచి ఉంచాలి. అరగదీసిన పొడిని పాత దుప్పటి మీద పట్టి మూటగట్టి పారేయాలి తప్ప నీళ్లతో కాలవలోకి తోసేయకూడదు.

రంగు దగ్గరే చాలా కొండలు చనిపోతాయి. రాయి అంటే బూడిదరంగు అని మనసులో స్థిరపడిపోయింది. దక్కను గ్రానైటును ఉదయపు ఎండలో చూడండి. లేత గులాబీ ఉంటుంది, ఇటుక వన్నె ఉంటుంది, అక్కడక్కడ పాలిపోయిన ఆకుపచ్చ ఉంటుంది. బండ నెత్తి నుంచి కిందికి నల్లటి చారలు దిగుతుంటాయి. వాననీరు ఏటేటా అదే దారిన జారి, ఆ తడిలో సూక్ష్మజీవులు పెరిగి మిగిల్చిన మరకలవి. మన కొండను మన కొండగా చెప్పే గుర్తు ఆ చారలే. ఏ విదేశీ నమూనాలు చూసి రంగు వేసినా అవి రావు.

ముందు ముదురు గోధుమ, బూడిదరంగు కలిపి సందులు కూడా నిండేలా ఒక పూత. నల్లరంగు మాత్రం నేరుగా వద్దు, అది నీడను చంపేస్తుంది. ఆరాక లేత బూడిదలో చిటికెడు ఇటుకరంగు కలిపి పైతలాల మీద స్పాంజితో అద్దాలి. తరవాత నీళ్లంత పలచన చేసిన ముదురు రంగును పై నుంచి వదలాలి. అది తనంతట తానే సందుల్లోకి దిగుతుంది. చారలు కావలసిన చోట దాన్నే రెండు మూడుసార్లు ఒకే దారిన జార్చాలి. చివరికి లేత రంగు ముంచిన బ్రష్షును కాగితం మీద దాదాపు పొడి అయ్యేదాకా తుడిచి, అంచులను తాకీ తాకనట్టు రాయాలి. వెలుగు పడే అంచులన్నీ లేచి నిలబడతాయి. బండ నేలను తాకే చోట మట్టిరంగు ఒక అంగుళం పైకి ఎక్కించండి. వానకు ఎగసిన మట్టి ఏ రాయికైనా పాదం దగ్గర అంటే ఉంటుంది. రాయిని నేల మీద పెట్టకూడదు, నేలలోకి దింపాలి. అడుగు అంగుళం కోసేసి చుట్టూ మట్టి, ఇసుక పోస్తే బరువు కనిపిస్తుంది.

కొండ ఎంత బాగా వచ్చినా అది బొమ్మ కోసమే అన్నది మరవకూడదు. కొండపల్లి బొమ్మల పసుపు, ఎరుపు, ఆకుపచ్చ చాలా గట్టి రంగులు. తెల్లపొణికి చెక్కను తేలిగ్గా చెక్కి, ఆ రంగులతో ప్రాణం పోశారు. వాటి వెనుక రాయి అణిగి ఉండాలి. మెరిసే పూతలు వద్దు, వార్నిష్ వద్దు. బొమ్మ నిలిచే చోట చదును ఉండాలి, ఆ చోటికి కంటికి ఒక దారి ఉండాలి. వెనుక బండలను ముందు బండల కన్నా కాస్త లేతగా, కాస్త నీలంగా ఉంచితే రెండడుగుల బల్ల మీద అరమైలు దూరం వస్తుంది.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. థర్మాకోల్ ఇట్టే అంటుకుంటుంది. కొలువు దగ్గర దీపం ఉంటుంది, సాయంత్రం మంగళహారతి ఉంటుంది. దీపాన్ని కొండకు దూరంగా, వేరే పీట మీద పెట్టండి. కొండలో వెలుగు కావాలంటే చిన్న ఎల్‌ఈడీ దీపాలు దాచండి. హారతి పళ్లెం కొండ ముందు తిప్పవద్దు, మెట్ల ముందే తిప్పండి.

ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి నా జవాబు ఇది. ఒక తల్లి తన పిల్లలతో కలిసి గోల్కొండ బండ కట్టాలనుకుంటే, ముందు వాళ్లను బండ దగ్గరికి తీసుకెళ్లాలి. ఎలా పగిలిందో చూడాలి, నీరు ఎటు జారిందో చూడాలి, చేత్తో తడమాలి. ఆ పిల్లలు జీవితాంతం రాయిని చూసే కళ్లతో తిరుగుతారు. ఈ అవసరం ఇప్పుడు మరీ ఎక్కువ. హైదరాబాదు చుట్టూ ఆ బండలను రోజూ పేల్చి కంకర చేస్తున్నారు, అంతస్తులు లేపుతున్నారు. వాటిని కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ పుట్టింది. వాళ్ల పోరాటం వల్ల కొన్నయినా మిగిలాయి. కొలువులో నిజమైన రాయిని కట్టే ఇల్లు తన వంతుగా వాటి రూపాన్ని పిల్లల మనసులో నిలుపుతోంది. బొమ్మలను తరతరాలు దాచుకున్న మనం కొండను మాత్రం కనుమ మర్నాడు చెత్తకుప్పలో పడేయడం న్యాయం కాదు. థర్మాకోల్ మట్టిలో కలవదు కాబట్టి అది నేరం కూడా.

కాబట్టి కొండను విడదీయగలిగే మూడు నాలుగు ముక్కలుగా కట్టుకోండి. కొలువు ఎత్తేశాక పాత చీరల్లో చుట్టి, మీద ఏ బరువూ పెట్టకుండా బొమ్మల పెట్టె పక్కనే అటక మీద ఉంచండి. మరుసటి ఏడు కొత్త బొమ్మ చేర్చినట్టే కొండకూ ఒక బండ చేర్చండి. వచ్చే సంక్రాంతికి కట్టదలచినవారు దసరా సెలవుల్లోనే పిల్లలను వెంటబెట్టుకుని దగ్గరలో ఉన్న ఏదో ఒక గుట్ట ఎక్కి, ఫోటోలు తీసుకుని, రాలిపడిన చిన్న చెక్కు ఒకటి ఏరి తెచ్చుకోండి. పని అక్కడ మొదలుపెట్టాలి.